కడుపులో మూడో వంతు

'రమజాన్ రోజాలు పాటిస్తే బరువు తగ్గుతుందా?' ఏటా షాబాన్ నెలలో ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇటీవల అడిగేవారి సంఖ్య పెరిగింది. అడిగే తీరు కూడా మారింది. 'అన్నం పూర్తిగా మానేస్తే ధర్మపరంగా అభ్యంతరమేమైనా ఉందా?', 'రోజుకు ఒక్కపూటే తినడం సున్నతేనా?', 'తిబ్బె నబవీ పొడి అని ఒకతను అమ్ముతున్నాడు, నెలకు పది కిలోలు తగ్గుతుందట, వాడవచ్చా?' ఇలాంటి ప్రశ్నలు వస్తున్నాయి. వీటన్నిటికీ ఒక్కమాటలో జవాబు చెప్పడం సాధ్యం కాదు. కనుక ఈ విషయాన్ని కాస్త వివరంగా పరిశీలిద్దాం.

బరువు గురించిన ఈ ఆందోళన అకారణమైనది కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నారు. పురుషుల పరిస్థితి కూడా దాదాపు ఇంతే. దేశం మొత్తం మీద స్త్రీలలో ఇది 24 శాతమే. అంటే తెలుగువారి ఇళ్లు ఈ విషయంలో దేశం సగటును ఎప్పుడో దాటేశాయి. చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు వీటి వెంటే వస్తున్నాయి. మన మస్జిదుల్లో కుర్చీల వరుస ఏటేటా పొడవవుతున్నదంటే దానికి వయస్సు ఒక్కటే కారణం కాదు.

మితం అంటే ఎంత?

దివ్యఖుర్ఆన్ అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో తినమనీ, తాగమనీ, అయితే హద్దు మీరవద్దనీ ఆదేశం ఉంది. మన ఉపన్యాసాల్లో సాధారణంగా చివరి భాగాన్నే నొక్కి చెబుతుంటాం. కాని మొదటి రెండూ కూడా ఆదేశాలే. తినడం తప్పు కాదు, తినకుండా ఉండటం దానంతటదే పుణ్యమూ కాదు. ఆ తరువాతి ఆయతులోనే, అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన పరిశుద్ధమైన ఆహారాన్ని నిషేధించిందెవరని నిలదీయడం జరిగింది. అన్నాన్నో, గోధుమనో, పండ్లనో విషమని ప్రచారం చేసేవారు ఈ ఆయతును ఒకసారి చదువుకోవాలి.

ఇక ఆ హద్దు ఏమిటి? మిఖ్దాం బిన్ మాదీకరిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తిర్మిజీ, ఇబ్నెమాజా గ్రంథాల్లో ఉంది. మనిషి నింపే పాత్రలన్నిటిలో కడుపు కంటే చెడ్డది లేదనీ, నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు చాలుననీ, తప్పనిసరైతే మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి కేటాయించాలనీ దైవప్రవక్త (స) ఉపదేశించారని దాని సారాంశం. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మూడో వంతు అనేది ఆదర్శంగా చెప్పినది కాదు, గరిష్ఠ పరిమితిగా చెప్పినది. 'కొన్ని ముద్దలు' అసలు ప్రమాణం. అంతకు మించక తప్పనివారికి మూడో వంతు. మనం మాత్రం ఆ మూడో వంతును కూడా పెద్ద త్యాగంగా భావిస్తున్నాం.

ఇమామ్ ఇబ్నె ఖయ్యిమ్ (మరణం 1350) తన 'జాదుల్ మఆద్' గ్రంథంలో ఈ హదీసును వివరిస్తూ ఆహారాన్ని మూడు మెట్లుగా విభజించారు. అవసరం, సరిపడటం, అధికం. మన దావత్‌లలో మొదటి పళ్లెంతోనే రెండో మెట్టు పూర్తవుతుంది. ఆ తరువాత వచ్చేదంతా మూడోదే.

సందర్భం వచ్చింది కనుక మరో మాట. 'ఆకలి వేస్తేనే తింటాం, తిన్నా కడుపు నిండా తినం' అనే భావం గల ఒక వాక్యాన్ని చాలామంది హదీసుగా చెబుతుంటారు. 'కడుపు రోగాలకు ఇల్లు, పథ్యం మందులకు తల' అనే మాట కూడా అలాగే ప్రచారంలో ఉంది. మొదటిదానికి నమ్మదగిన ఉల్లేఖన పరంపర లేదు. రెండోది హారిస్ బిన్ కలదా అనే అరబ్బు వైద్యుని మాటగా చెబుతారు. భావం బాగున్నంత మాత్రాన దాన్ని దైవప్రవక్త (స)కు అంటగట్టరాదు. ప్రామాణికమైనదే మన దగ్గర కావలసినంత ఉంది.

కొత్త పేర్లతో పాత ప్రచారం

వారంలో అయిదు కిలోలు, నెలలో పదిహేను కిలోలు అని ఊరించే ఆహార పద్ధతులు ఈ కాలంలో పుట్టినవని చాలామంది అనుకుంటారు. కాదు. 1863లోనే లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంప మానేసి బరువు తగ్గానంటూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆయన వైద్యుడు కాదు, అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. ఆ పుస్తకం ఎంతగా అమ్ముడుపోయిందంటే ఆయన పేరే ఆ పథ్యానికి పేరైపోయింది. 1972లో అమెరికాలో అట్కిన్స్ అనే డాక్టరు దాదాపు ఇదే సంగతిని మళ్లీ పుస్తకంగా తెచ్చాడు. 2018 ప్రాంతంలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపులతో కూడిన పద్ధతి ఊరూరా వ్యాపించింది. సభలకు వేలమంది వెళ్లారు. కిరాణా దుకాణాల్లో కొబ్బరినూనె అడిగేవారు హఠాత్తుగా పెరిగారు.

వీటితో మొదట్లో బరువు తగ్గుతుందన్నది నిజమే. ఎందుకు తగ్గుతుందో కూడా తెలుసుకోవాలి. మన శరీరం కొంత పిండి పదార్థాన్ని కాలేయంలోను, కండరాల్లోను దాచుకుంటుంది. అలా దాచుకున్న ప్రతి గ్రాముతోపాటు దాదాపు మూడు గ్రాముల నీరు కూడా నిలువ ఉంటుంది. అన్నం, రొట్టె మానేయగానే ఆ నిలువ ఖర్చవుతుంది, నీరు బయటికి పోతుంది. మొదటి వారంలో తూకం ముల్లు మూడు నాలుగు కిలోలు వెనక్కి వస్తుంది. మనిషి సంతోషిస్తాడు, పదిమందికి చెబుతాడు. పోయినదానిలో కొవ్వు కొంచెమే, మిగిలింది నీరు. మళ్లీ అన్నం తిన్న నాలుగు రోజులకే అది తిరిగి వచ్చేస్తుంది.

రెండో కారణం మరింత ముఖ్యమైనది. హఠాత్తుగా ఆహారం తగ్గించినప్పుడు శరీరం దాన్ని కరువుగా భావిస్తుంది. ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలిని పెంచుతుంది. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో పాల్గొని విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వారిలో చాలామందికి పోయిన బరువులో అధిక భాగం తిరిగి వచ్చింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరాలు ఖర్చు చేసే శక్తి మాత్రం అంత బరువున్న మనిషి ఖర్చు చేయవలసిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. అంటే బరువు తిరిగి రావడం కేవలం మనోబలం లేకపోవడం వల్ల కాదు. అల్లాహ్ మన శరీరంలో పెట్టిన రక్షణ ఏర్పాటు అది. దానితో కుస్తీ పట్టి గెలవలేం, నెమ్మదిగా ఒప్పించుకోవాలి.

మరి కొవ్వు తగ్గించాలా, అన్నం తగ్గించాలా? ఈ తగవు తీర్చడానికి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిని రెండు బృందాలుగా చేసి ఏడాదిపాటు పరిశీలించింది. 2018లో వెలువడిన ఫలితం ఇది: కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు బృందాలకూ చక్కెర, మైదా తగ్గించమని, కూరగాయలు బాగా తినమని చెప్పారు. ఏ పథ్యమన్నది కాదు, ఏది ఎక్కువకాలం పాటించగలమన్నదే అసలు ప్రశ్న. క్రమం తప్పకుండా చేసే పని కొంచెమైనా అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతికరమని బోధించిన ధర్మం మనది. వంటింటికి కూడా ఈ సూత్రాన్ని తీసుకువెళ్లవచ్చు.

ప్రాణాల మీదికి వచ్చినప్పుడు

నాకు తెలిసిన ఒక దర్జీ సోదరుడున్నాడు. నలభై అయిదేళ్లు. ఎనిమిదేళ్లుగా చక్కెర వ్యాధికి మాత్రలు వాడేవాడు. ఎవరో చెప్పిన పథ్యం మొదలుపెట్టి, అదే ఊపులో మాత్రలు కూడా మానేశాడు. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. జుమా తరువాత అందరూ అతన్ని చుట్టుముట్టి రహస్యం అడిగేవారు. తరువాత పెళ్లిళ్ల సీజన్ వచ్చింది, పథ్యం వదిలేశాడు. మాత్రలు మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. 'నాకు షుగర్ పోయింది కదా భాయీ' అనేవాడు. ఏడాది తిరగకుండానే బరువు మొత్తం తిరిగి వచ్చింది. కాలికి చెప్పు కొరికి చిన్న పుండు పడితే నొప్పి తెలియలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి చక్కెర 300 దాటి ఉంది. బొటనవేలు తీసేయవలసి వచ్చింది. ఇప్పుడతను కుట్టుమిషన్ తొక్కలేడు, మోటారు బిగించుకున్నాడు.

అతనికి ఆ సలహా ఇచ్చినవాడెవరో అతనికే సరిగా గుర్తులేదు. అబూదావూద్, నసాయీ, ఇబ్నెమాజా గ్రంథాల్లో ఒక హదీసు ఉంది. వైద్యం తెలిసినవాడిగా పేరు లేకుండానే వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని దాని భావం. ఫిఖహ్ పండితులు దీని ఆధారంగా నష్టపరిహారం గురించి విస్తారంగా చర్చించారు. పొడులు అమ్మేవారే కాదు, తాను తగ్గాను కనుక ఎదుటివాడిని కూడా మందులు మానేయమనేవారు సైతం దీన్ని గుర్తుంచుకోవాలి. కలోంజీ గురించి బుఖారీలో ఉన్న హదీసు సత్యం. దాన్ని అడ్డం పెట్టుకుని నెలకు పది కిలోలని డబ్బా మీద ముద్రించడం అసత్యం. దైవప్రవక్త (స) పేరిట సరుకు అమ్ముకునేవారికి ఆ సంగతి మామూలు మోసం కంటే బరువైనది.

2025లో మన దేశంలో బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా అమ్మకానికి వచ్చాయి. అవి నిజమైన మందులే. కొందరు రోగులకు డాక్టర్లు వాటిని రాస్తున్నారు. వాటిని డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. ఆపేసిన తరువాత తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తున్నట్లు పరిశోధనల్లో తేలింది. పెళ్లికి ముందు వేసుకుని పెళ్లయ్యాక మరచిపోయే వస్తువు కాదది.

పెళ్లంటే గుర్తొచ్చింది. సంబంధాలు చూసే ఇళ్లల్లో 'అమ్మాయి కాస్త లావు' అనే మాట ఎంత తేలికగా అనేస్తున్నారో! ఆ మాట విని మూడు వారాలు కీరదోసకాయలు మాత్రమే తిని వంటింట్లో సొమ్మసిల్లిన ఆడపిల్ల సంగతి మా పేటలో అందరికీ తెలుసు. విచిత్రమేమిటంటే హదీసు గ్రంథాల్లో కీరదోసకాయ ప్రస్తావన మరో విధంగా ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) సన్నగా ఉండేవారు. కాస్త ఒళ్లు చేయాలని తల్లి ఎన్నో విధాల ప్రయత్నించారు. ఫలితం లేకపోయింది. చివరికి తాజా ఖర్జూరాలతో కీరదోసకాయ కలిపి తినిపిస్తే ఆమె చక్కగా ఒళ్లు చేశారని అబూదావూద్, ఇబ్నెమాజాలలో ఉంది. అంటే ఎండిపోయినట్లు సన్నగా ఉండటం కూడా ఆనాడు కోరదగినదిగా భావించలేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) చెట్టెక్కినప్పుడు ఆయన సన్నని పిక్కలు చూసి కొందరు నవ్వితే, ప్రళయదినాన త్రాసులో అవి ఉహుద్ పర్వతం కంటే బరువు తూగుతాయని దైవప్రవక్త (స) వారిని వారించారు. ఎదుటివారి దేహం మీద వ్యాఖ్యానించే హక్కు మనకు లేదు. లావువారి మీద లేదు, సన్నవారి మీదా లేదు.

మన ఇంటి లెక్క

ముందుగా బరువు ఎక్కువో కాదో తెలుసుకోవాలి. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు గుణించగా వచ్చిన సంఖ్యతో భాగించాలి. మన దేశస్థులకు డాక్టర్లు సూచించే హద్దు 23. పాశ్చాత్యులకు 25. మనవారికి తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరి చక్కెర వ్యాధి వస్తుంది కనుక ఈ తేడా పెట్టారు. 160 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నవారు 47 నుంచి 59 కిలోల లోపు ఉంటే మంచిది. 64 దాటితే స్థూలకాయం కిందికి వస్తుంది. దర్జీ టేపుతో నడుము కొలత కూడా చూసుకోవాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటరాదు. షేర్వాణీ కొలతలకు వెళ్లినప్పుడు ఊపిరి బిగబట్టేవారు ఇక్కడ మాత్రం మామూలుగా ఊపిరి వదలాలి.

ఇక ఖర్చు లెక్క. అయిదుగురున్న ఇంట్లో నెలకు అయిదు లీటర్ల నూనె వాడుతున్నారనుకుందాం. మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే సుమారు 30 గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీలు. నూనె ఒక్కటే 270 కేలరీలు. దాన్ని మూడు లీటర్లకు తగ్గిస్తే ఒక్కొక్కరికి రోజుకు నూరు కేలరీలకు పైగా మిగులుతాయి. ఎవరూ పస్తుండలేదు, ఎవరికీ వేరే వంట చేయలేదు. చాయ్ సంగతి చూడండి. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు. ఎనిమిది చెంచాలంటే 40 గ్రాముల చక్కెర, 160 కేలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాములకు లోపు ఉంటే మేలని చెబుతోంది. కప్పుకు ఒక్క చెంచా చేస్తే చాయ్‌తోనే సగం భారం దిగుతుంది. నాలుక పదిహేను ఇరవై రోజుల్లో అలవాటు పడుతుంది.

అన్నం మానేయనక్కర లేదు, పళ్లెంలో దాని చోటు తగ్గించాలి. సగం పళ్లెం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పో, గుడ్డో, చేపో, మాంసమో. మిగిలిన పావు అన్నం లేదా రొట్టె. జొన్నరొట్టె మన పల్లెల్లో ఉన్నదే, దాన్ని ఖరీదైన దుకాణం నుంచి కొత్తగా తెచ్చుకోనక్కర లేదు. మాంసం విషయంలో హజ్రత్ ఉమర్ (రజి) హెచ్చరిక ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఉంది. మాంసం కూడా మద్యం లాగే అలవాటుగా పట్టుకుంటుందని ఆయన జాగ్రత్త చెప్పారు. రోజూ మాంసం లేకుంటే ముద్ద దిగదనే మన సోదరులు ఈ మాటను ఎందుకో గుర్తుచేసుకోరు.

ఇంటి స్త్రీల సమస్య వేరు. వారు అందరి తరువాత తింటారు. పిల్లలు వదిలిన ముద్దలు, గిన్నెలో మిగిలిన సాలన్ పారేస్తే దుబారా అవుతుందని తామే తినేస్తారు. ఉద్దేశ్యం మంచిదే, ఆహారాన్ని వృథా చేయరాదన్నది మన ధర్మమే. కాని అవసరం లేని కడుపులో వేసినంత మాత్రాన దుబారా ఆగదు, దాని చోటు మారుతుంది. దుబారాను ఆపవలసింది బియ్యం కొలిచే దగ్గర. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందనే హదీసు వండేవారి కోసం కూడా ఉంది. అతిథి చేయి అడ్డుపెడుతున్నా 'తకల్లుఫ్ వద్దు' అంటూ మరో గరిటె వేయడం కూడా మానుకుందాం. అది మర్యాద కాదు, బలవంతం.

నడక గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. వారానికి 150 నిమిషాల నడక, బరువులో ఏడు శాతం తగ్గింపు లక్ష్యంగా పెట్టుకున్నవారిలో చక్కెర వ్యాధి వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని 2002లో అమెరికా పరిశోధన తేల్చింది. మన చెన్నైలో జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో కూడా నడక, మితాహారంతో 28 శాతం తగ్గింది. మస్జిద్ 400 మీటర్ల దూరంలో ఉంటే అయిదు పూటలా నడిచి వెళ్లి వచ్చినవారు నాలుగు కిలోమీటర్లు నడిచినట్లు. మస్జిద్‌కు వేసే ప్రతి అడుగుకు పుణ్యం ఉందని తెలిసి కూడా వీధి చివరికి మోటారుసైకిల్ తీస్తున్నాం. అయితే నమాజునే వ్యాయామంగా వర్ణించే ఉపన్యాసాలు నాకు నచ్చవు. నమాజు అల్లాహ్ ముందు నిలబడటం. దాని విలువ కేలరీల్లో కొలిచేది కాదు. స్త్రీలు డాబా మీదనో, ఇంటి ఆవరణలోనో నడవవచ్చు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారన్నది హదీసుల్లో ఉన్న విషయమే.

రోజా సంగతి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రోజా ఆరాధన. దాని సంకల్పం అల్లాహ్ ప్రసన్నత కోసం ఉండాలి. దాని వల్ల ఆరోగ్యం కూడా బాగుపడితే సంతోషమే. అయితే కేవలం బరువు కోసమే ఆకలితో ఉంటే అది పథ్యమవుతుంది, రోజా కాదు. ఏడాది పొడవునా రోజూ రోజా ఉంటానన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను దైవప్రవక్త (స) వారించి, నీ శరీరానికి కూడా నీ మీద హక్కు ఉందని గుర్తుచేశారు. ఇఫ్తార్, సహ్రీ లేకుండా రోజాలను కలిపేయడాన్ని కూడా నివారించారు. నఫిల్ కావాలంటే సోమ, గురువారాలున్నాయి.

రమజాన్‌లో బరువు పెరిగేవారు కూడా తక్కువేమీ లేరు. పగలంతా ఆగి, మగ్రిబ్‌కు మిర్చి బజ్జీలు, పకోడీలు, చక్కెర షర్బత్, తరావీహ్ తరువాత హలీం, అర్ధరాత్రి దాటాక మళ్లీ చాయ్ బిస్కెట్లు! ఖర్జూరాలు, నీళ్లతో ఇఫ్తార్ చేసి, మగ్రిబ్ చదివి వచ్చి, అప్పుడు భోజనానికి కూర్చుంటే ఆ విరామంలోనే సగం ఆకలి నెమ్మదిస్తుంది. షర్బత్ బదులు మజ్జిగ, వేయించినవాటి బదులు శనగలు, పండ్లు పెట్టుకోవాలి. హలీం తినవద్దని ఎవరూ అనరు, ముప్పై రాత్రులూ తినాలని కూడా ఎక్కడా లేదు.

చక్కెర వ్యాధికి మాత్రలో, ఇన్సులినో వాడేవారు మాత్రం సొంతంగా ఏ నిర్ణయమూ తీసుకోరాదు. రోజాలో చక్కెర మరీ పడిపోవచ్చు, మరీ పెరగనూవచ్చు. పరీక్ష కోసం వేలి నుంచి తీసే చుక్క రక్తంతో రోజా భంగం కాదు, ఆ భయంతో పరీక్ష మానవద్దు. చక్కెర 70కి దిగితే సూర్యాస్తమయానికి పది నిమిషాలే ఉన్నా రోజా విరమించాలి. దాన్ని తరువాత ఖజా చేసుకోవచ్చు. ఏటికేడాదీ ఖజా కూడా చేయలేని వ్యాధిగ్రస్తులకు ఫిద్యా సౌకర్యం ఉంది. డాక్టర్లు రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే రమ్మంటారు. అంటే రజబ్ నెల సగం గడిచేలోగా వెళ్లి, ఏ మందు సహ్రీకో, ఏది ఇఫ్తార్‌కో కాగితం మీద రాయించుకుని తెచ్చుకోవాలి.